వెలివేసిన పేరు

ఆరేళ్ళ తరవాత డాక్టర్ ఉమాకాంతం ఫోన్ చేసి, "అమ్మా నూకరత్నం, నా కళ్ళు పనిచెయ్యట్లేదమ్మా" అన్నప్పుడు నాకు సంతోషం కలిగింది. దాచుకోవడం దేనికి? స్టవ్ మీద పప్పు పొంగిపోతున్నా కట్టెయ్యకుండా, ఆ మాట ఇంకోసారి అనిపించుకుందామని, "సరిగ్గా వినపడలేదండి" అన్నాను. ఆయన మళ్ళీ చెప్పాడు. ఈసారి గొంతు తగ్గించి చెప్పాడు.

పోయిన గురువారం ఆయన చూపు యంత్రంలో కెర్నెల్ అప్‌డేట్ అయిందట. అప్పట్నుంచి చూపు ముక్కలు ముక్కలుగా వస్తోందట. సెకనుకి రెండే బొమ్మలు. ఎదుటివాళ్ళు చెయ్యి ఎత్తింది కనపడేసరికి దించేసి ఉంటున్నారట. ల్యాబులో నలుగురు ఇంజనీర్లు ఐదు రోజులుగా తలలు పట్టుకున్నా తేలలేదట. వచ్చే శుక్రవారం కమిటీ వస్తోంది. పదింటికి సభ పెట్టి, వాళ్ళ ఎదుట సూదిలో దారం ఎక్కించి చూపించాలి. అప్పుడు ఆ యంత్రాన్ని మిగతా చూపులేని వాళ్ళకి పెట్టడానికి అనుమతి ఇస్తారు.

"అది నువ్వు రాసిందేగా. నువ్వైతే అరగంటలో పట్టుకుంటావు," అన్నాడు.

నువ్వు రాసిందేగా! ఆరేళ్ళలో ఆ ముక్క ఆయన నోట్లోంచి రావడం అదే మొదలు. అదీ ఫోన్లో, సాక్షి లేనిచోట.

"వస్తానండి," అన్నాను. బాగుచెయ్యడానికి వెళ్తున్నానో, చెడగొట్టడానికి వెళ్తున్నానో అప్పటికి తేల్చుకోలేదు. సామర్లకోట నుంచి కాకినాడకి స్కూటర్ మీద అరగంట దారి. మాధవపట్నం దాటేసరికి తేలిపోయింది. చెడగొట్టడానికే.

అసలు ఆ యంత్రం పుట్టింది మా నాన్న కోసం. మా నాన్న వీరాస్వామి సామర్లకోట, పెద్దాపురాల్లో దుకాణాలకి బోర్డులు రాసేవాడు. 'శ్రీ' అనే అక్షరాన్ని ఒక్క విసురులో, కుంచె ఎత్తకుండా రాసేవాడు. షుగరు వల్ల రెండు కళ్ళూ పోయాక, బజారుకి తీసుకెళ్తే తను రాసిన గోడల్ని చేత్తో తడుముతూ నిలబడేవాడు. రంగు ఎక్కడ మందంగా ఉందో వేలికి తెలుస్తుందనేవాడు.

నేను అప్పుడు ఉమాకాంతం ల్యాబులో పనిచేస్తున్నాను. యంత్రం చెప్పుకోవడానికి పెద్దదేం కాదు. కళ్ళజోడులో కెమెరా. నడుముకి బెల్టు, బెల్టులో లినక్స్ నడిచే చిన్న కంప్యూటర్, దానికో గ్రాఫిక్స్ కార్డు. తల వెనక చర్మం కింద సన్నటి తీగలు. కెమెరా చూసినదాన్ని కార్డు మెదడుకి అర్థమయ్యేలా మార్చి తీగల్లోకి పంపుతుంది. కంప్యూటర్లో పెత్తనమంతా కెర్నెల్‌ది. కాని ఆ పెద్దమనిషికి కార్డు మాట్లాడే భాష రాదు. మధ్యన ఒక దుబాసీ కావాలి. ఆ దుబాసీనే మాడ్యూలు అంటారు. దాన్ని రెండేళ్ళు కూర్చుని నేను రాశాను. వీరాస్వామి అని మా నాన్న పేరు పెట్టాను.

ల్యాబు సంతకం పడని మాడ్యూలుని ఎక్కిస్తే కెర్నెల్ పని చేస్తుంది గాని, తనలో పరాయిది కలిసిందని తన చిట్టాలో ఒక మాట రాసుకుంటుంది. అది ఇంగ్లీషు మాట. దాన్ని ఉమాకాంతం తెలుగులో చెప్పేవాడు. "నూకరత్నం మాడ్యూలు ఎక్కింది, కెర్నెల్ మైల పడింది!" ల్యాబంతా నవ్వేది. ఆ మాటని మా పేట వాళ్ళని చూసి ఎవరెవరు అన్నారో వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు. నేనూ నవ్వేదాన్ని. అలా నవ్వినందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

మొదటిసారి పూర్తి వేగంతో నడిపిన రోజు నాన్న ల్యాబు గోడ మీద పాకుతున్న చీమని చూసి, దాని కాళ్ళు లెక్కపెట్టాడు. ఆరూ లెక్కపెట్టి, ఆనందం పట్టలేక నా వైపు తిరిగాడు. తిరిగి, రెండు చేతులూ జోడించి, "నమస్కారమండి డాక్టరమ్మగారూ, మీరు చల్లగా ఉండాలి," అన్నాడు.

"నాన్నా, నేనే," అన్నాను.

గొంతు విని ఉలిక్కిపడ్డాడు. ముఖంలోకి ఎంత చూసినా పోల్చుకోలేకపోయాడు. వేగం తగ్గించుకుంటూ వచ్చాను. సెకనుకి ఎనిమిది బొమ్మల దగ్గరికి వచ్చేసరికి, "ఒసే, నువ్వా! ఇలా చిక్కిపోయేవేంటే!" అన్నాడు.

అప్పుడు అర్థమైంది. వేగం పెరిగితే చూపుకి మెదడులో ఉన్న చోటు చాలదు. పక్కింటిని ఆక్రమిస్తుంది. ఆ పక్కిల్లు మనం మనుషుల ముఖాలు దాచుకునే చోటు. వేగం నడుస్తున్నంతసేపూ ముఖాలు పోల్చుకోలేం. అలా నెలల తరబడి నడిస్తే, ఆపినా తిరిగిరాకపోవచ్చనిపించింది. అందుకని మాడ్యూల్లో ఒక కట్ట కట్టాను, ఎనిమిది దాటకుండా. ఎనిమిదితో నడవచ్చు, పేపరు చదువుకోవచ్చు, కూతుర్ని గుర్తుపట్టవచ్చు. సూదిలో దారం మాత్రం ఎక్కించలేం.

ఉమాకాంతానికి సూదీ దారమే కావాల్సొచ్చింది. కట్ట తెంపేశాడు. తన సంతకం పెట్టి, వీరాస్వామి అన్న ఫైలుకి దివ్యదృష్టి అని పేరు మార్చి, మా నాన్న యంత్రంలోనూ అదే ఎక్కించాడు. అదే కోడు, నేను రాసిందే. ఆయన సంతకం పడగానే మైల వదిలిపోయింది! నేను వెళ్ళి అడిగితే, "ల్యాబులో రాసింది ల్యాబుదేనమ్మా," అన్నాడు. గొడవపడితే గేటు చూపించాడు. అంతటితో ఊరుకోలేదు. ఏ మాడ్యూళ్ళని ఎక్కించకూడదో రాసుకునే జాబితా ఒకటి ప్రతి యంత్రంలోనూ ఉంటుంది. దాన్ని ల్యాబులో వెలి జాబితా అనేవాళ్ళు. ఆ పేరు పెట్టిందీ ఆయనే. అందులో నా మాడ్యూలుని చేర్చాడు. మా నాన్న నడుముకున్న యంత్రంలో నేను మా ఇంట్లో కూర్చుని వీరాస్వామిని ఎక్కించబోతే, యంత్రం ససేమిరా అంది.

నాన్న పదకొండు నెలలు దివ్యదృష్టితో చూశాడు. మళ్ళీ కుంచె పట్టుకుని రెండు బోర్డులు కూడా రాశాడు. చూపు మీద ఆశ, ఎలా వదులుకుంటాడు? నాతో మాట్లాడాలనుకున్నప్పుడు మాత్రం బెల్టు స్విచ్ కట్టేసేవాడు. "కళ్ళు తెరిస్తే ఎవరో పరాయి ఆడమనిషి ఉంటందే ఇంట్లో. కళ్ళు కట్టేస్తే నువ్వుంటావు," అనేవాడు. నాకు గొంతు ఉంది కాబట్టి నేను మిగిలాను. చనిపోయిన మా అమ్మకి గొంతు ఎక్కడుంది? గోడ మీద ఫోటో ఒక్కటే. ఒకరోజు దాని ముందు నిలబడి, "ఎవరమ్మా ఈవిడ? లక్షణంగా ఉంది," అన్నాడు. అప్పుడు స్విచ్ కట్టేసి, కళ్ళు మూసుకుని, అమ్మ ముఖం కోసం వెతుక్కున్నాడు. సాయంత్రం దాకా వెతుక్కున్నాడు. దొరకలేదు. ఆ రాత్రి అన్నం తినలేదు. బెల్టు తీసి గూట్లో పడేశాడు. రెండేళ్ళ కిందట పోయే ముందు కూడా, "దాని ముక్కుపుడక ఏ పక్కనుండేదే?" అని నన్ను అడిగాడు.

ఇదంతా ఉమాకాంతానికి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. రెండు ముక్కల్లో జవాబిచ్చాడు: 'వయసు మతిమరుపు. విచారించకు.'

అలాంటి మనిషికి నీటికాసులు వచ్చి చూపు పోయింది. ఏడు నెలల కిందట అదే యంత్రం తనకి పెట్టించుకున్నాడు. పేపర్లన్నీ రాశాయి, సొంత ఆవిష్కరణని సొంత తలలో పెట్టుకున్న ధీరుడని.

రామారావుపేటలో వాళ్ళ ఇంటి తలుపు ఆయన భార్య మాణిక్యాంబగారు తీసింది. ల్యాబు రోజుల్లో ఒకటి రెండు సార్లు చూశాను. అప్పుడు చేతికి రెండేసి బంగారు గాజులుండేవి. ఇప్పుడు వాటి మధ్యన మోచేతిదాకా మట్టిగాజులు. నడుస్తుంటే గలగలమంటూ ఇల్లంతా వినపడుతున్నాయి.

ఉమాకాంతం హాల్లో పడక్కుర్చీలో ఉన్నాడు. నా వైపు చెయ్యి చాపాడు గాని, నేను అప్పటికే పక్కకి జరిగాను. ఆయన చెయ్యి నేను ఇందాక ఉన్నచోట గాలిలో ఉండిపోయింది. నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేదు.

ఆయన బెల్టుకి నా ల్యాప్‌టాప్ కేబుల్ తగిలించి కూర్చున్నాను. ముందుగా కార్డు ఉందా? ఉంది. కెర్నెల్‌కి అది కనపడుతోందా? కనపడుతోంది. మరి దుబాసీ? లేడు. కార్డు ఊరికే కూర్చుని ఉంటే, దాని పని కూడా కెర్నెల్ తన చేత్తోనే చేసుకుంటోంది. అందుకే ఈ నత్తనడక. దివ్యదృష్టి అన్న ఫైలు కోసం చూశాను. లేదు. దాని చోట కొత్తగా, పోయిన గురువారం తేదీతో, ఇంకో ఫైలు ఉంది. పేరు రెండుసార్లు చదివాను.

వీరాస్వామి.

జరిగింది తేలిపోయింది. కెర్నెల్ మారినప్పుడల్లా దానికి సరిపోయే మాడ్యూలుని యంత్రం తన దగ్గరున్న మూలం నుంచి, అంటే నేను రాసిన కోడు నుంచి, తనే మళ్ళీ తయారుచేసుకుంటుంది. ఉమాకాంతం తయారైన ఫైలుకి పేరు మార్చాడు గాని, మూలంలో కట్ట తెంపడమే తప్ప పేరు మార్చలేదు. అందులో నేను పెట్టిన పేరు అలాగే ఉంది. దొంగిలించిన బిందె మీద పేరు చెరపడం మరిచిపోయినట్టు! ఆరేళ్ళుగా కెర్నెల్ మార్చలేదు కాబట్టి బయటపడలేదు. మారిన రోజున మాడ్యూలు మా నాన్న పేరుతోనే పుట్టింది. పుట్టగానే వెలి జాబితా దాన్ని వాకిట్లో ఆపేసింది. జాబితా తెరిచాను. ఆయన స్వయంగా టైపు చేసిన లైను, పైన ఆయన వ్యాఖ్య: 'వీరాస్వామి. మైల. ఎక్కించరాదు.' ఆ నలుగురు ఇంజనీర్లూ ఆ లైను చూసే ఉంటారు. గురువుగారు వెలివేసినదాన్ని ముట్టుకునే దమ్ము ఎవరికుంది?

కాగల కార్యం గంధర్వులే తీర్చారంటారు. నేను చెడగొట్టేదేమీ లేదు. ఆ ఒక్క లైను తీసేస్తే చాలు, కట్ట లేని వేగం వచ్చేస్తుంది. ఇంకో నాలుగైదు నెలలు ఆయన ఆ వేగంతో చూస్తే, మా నాన్నకి పోయినవన్నీ ఈయనకీ పోతాయి. అడిగింది అడిగినట్టు చేసి, నమస్కారం పెట్టి ఇంటికి పోవచ్చు.

"ఏమైనా దొరికిందామ్మా?" అన్నాడు.

"దొరికిందండి."

"నేను చెప్పలా! నూకరత్నం అంటే నూకరత్నమే!"

అప్పుడు మాణిక్యాంబగారు గడపలోంచి పిలిచింది. "ఓసారి ఇలా రా అమ్మా, కాఫీలో పంచదార ఎంతెయ్యాలో చెబుదువుగాని."

పెరటి వసారాలో కాఫీ లేదు, పాలు కూడా పొయ్యి మీద పెట్టలేదు. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. గాజులు చప్పుడు కాకుండా రెండో చేత్తో అదిమిపెట్టింది.

"బాగుచెయ్యకు తల్లీ," అంది.

నేను హాలు వైపు చూశాను.

"ఈ ఏడు నెలలూ నేను నోరు విప్పకపోతే ఆయనకి నేనెవరో తెలీదమ్మా. ఓరోజు గుమ్మంలో నిలబడితే 'ఎవరు కావాలండి' అన్నారు. నవ్వులాటకనుకున్నాను. కాదు. అప్పట్నించీ ఇదిగో, ఈ మట్టిగాజులేసుకుని ఎడ్ల మెళ్ళో గంటల్లాగా మోగించుకుంటా తిరుగుతున్నాను. పోయిన గురువారం చూపు మందగించింది. శుక్రవారం పొద్దున్నే నా మొహంలోకి చూసి, 'మాణిక్యం, నీకు నెరుపు ఎక్కువైందే' అన్నారు. లోపలికెళ్ళి కూర్చుని ఏడ్చేను. ఐదు రోజులైందమ్మా, నేను ఈ ఇంట్లో ఉన్నట్టు ఉంది. నీకు దణ్ణం పెడతాను, నీ వల్ల కాలేదని చెప్పెయ్యి."

నేను మోసుకొచ్చిన పగ మీద నాకే కోపం వచ్చింది. దాన్ని ఆయన నెత్తిన పడేద్దామని వస్తే, ఏడు నెలలుగా ఈవిడ మోస్తోంది. మా నాన్న విషయంలో నేను మోసినట్టే మోస్తోంది.

"ఆయనకి తెలుసాండి, ఇలా ఎందుకవుతోందో?"

"ఏమో నాకు చెప్పలేదు. నువ్వు అడుగు," అంది.

హాల్లోకి వెళ్ళి ఆయన ఎదురుగా కూర్చున్నాను. మాణిక్యాంబగారు తలుపు పక్కన నిలబడింది. ఆవిడ ఉన్నట్టు ఆయనకి తెలుసు, గాజులు వినపడ్డాయి.

"రెండు దార్లున్నాయండి," అన్నాను. "మీరు తెంపిన కట్ట మళ్ళీ కడతాను. ఎనిమిది బొమ్మలు వస్తాయి. మనుషుల్ని పోల్చుకోగలరు. సూదీ దారం కుదరదు. లేదంటే కట్ట లేకుండానే నడిపిస్తాను. సూదీ దారం కుదురుతుంది. ముఖాలు పోతాయి. ఇంకో నాలుగైదు నెలలకి మళ్ళీ రాకుండా పోతాయి. మా నాన్నకి పోయినట్టు. మీకు ఉత్తరం రాశాను."

ఆయన పిల్లలకి లెక్క చెప్పే గొంతుతో అన్నాడు. "నాకు తెలీదనుకున్నావా? నువ్వు ఉత్తరం రాసిన రోజే తెలుసు. ప్రతిదానికీ ఖరీదుంటుందమ్మా."

నాకు తెలియకుండానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మతిమరుపు, విచారించకు అని రాసిన చెయ్యి ఆ కుర్చీ చేతి మీద తాపీగా ఉంది. దాన్ని విరిచెయ్యాలనిపించింది.

"మరి అమ్మగారు?" అన్నాను.

"మాణిక్యానికేం? ముప్పై ఎనిమిదేళ్ళుగా చూస్తున్న మొహమేగా. గొంతు వినపడితే చాలదూ? శుక్రవారం గట్టెక్కనీ, తరవాత చూద్దాం. ఆ కట్టా గిట్టా ఏం వద్దు. కానియ్." చెయ్యి విదిలించాడు. "కావాలంటే సభలో నీ పేరు కూడా చెబుతాలే."

నేను మాణిక్యాంబగారి వైపు చూశాను. బతిమాలుతుందనుకున్నాను. ఆవిడ ముఖంలో బతిమాలడం పోయింది. చాలా నెమ్మదిగా తల ఊపింది, కానియ్ అన్నట్టు.

"జాబితాలో మీరు వెలివేసిన పేరు ఒకటుంది. అది తీస్తేనే చూపొస్తుంది. తియ్యమంటారా? మీ నోటితో చెప్పండి."

"తీసెయ్, తీసెయ్."

"ఏ పేరో చెప్పండి."

ఆయన పళ్ళు కొరుక్కున్నాడు. "వీరాస్వామి," అన్నాడు.

లైను తీసేశాను. యంత్రం ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి, నాలుగు నిమిషాలు చీకటిగా ఉంటుందని చెప్పాను. ఆయన తల వెనక్కి వాల్చుకున్నాడు. ఆ నాలుగు నిమిషాల్లో మాణిక్యాంబగారు చప్పుడు కాకుండా లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఒంటి మీద వేరే చీర, భుజాన చేతిసంచి. మట్టిగాజుల్ని మోచేతి పైకి నెట్టి, వాటి చుట్టూ తువ్వాలు బిగించి కట్టుకుంది. వచ్చి ఆయనకి రెండు బారల దూరంలో నిలబడింది.

దుబాసీ ఎక్కాడు. కార్డు వేడెక్కింది. ఆయన ముఖం విప్పారింది. పక్కనున్న కుట్టుపెట్టెలోంచి సూది తీసి, దారం కొస నాలికతో తడిపి, మొదటిసారికే ఎక్కించేశాడు. "మాణిక్యం! చూశావా?" అని కేకేశాడు.

మాణిక్యాంబగారు పలకలేదు.

ఆయన తలెత్తి సూటిగా ఆవిడ ముఖంలోకే చూశాడు. కనుబొమల మధ్య బొట్టు, నెరిసిన పాపిడి, వణుకుతున్న పెదవి, అన్నీ చూశాడు. సెకనుకి అరవై సార్లు చూశాడు. తరవాత మర్యాదగా కాళ్ళు దగ్గరికి తీసుకుని, నాతో అన్నాడు. "ఆవిడెవరమ్మా, నీతో వచ్చారా? ఇందాక చూసుకోలేదు."

నిజం చెప్పడానికి ఒక్క ముక్క చాలు. నేను ఆవిడ కళ్ళలోకి చూశాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"అవునండి," అన్నాను. "నాతోనే వచ్చారు."

"కూర్చోండమ్మా, మా ఆవిడ పెరట్లో ఉన్నట్టుంది, కాఫీ ఇస్తుంది."

"టైమైందండి, వెళ్తాం."

గేటుదాకా తనే వచ్చాడు, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా. ముప్పై ఎనిమిదేళ్ళ పెళ్ళానికి రెండు చేతులూ జోడించి, "మంచిదండి, వెళ్ళిరండి. వీలైతే శుక్రవారం సభకి మీరూ రావాలి," అన్నాడు. ఆవిడ కూడా చేతులు జోడించింది.

నాకు తృప్తిగా ఉంది. మా అమ్మ ఫోటో ముందు సాయంత్రందాకా నిలబడ్డ మనిషి గుర్తొచ్చి ఏడుపూ వస్తోంది. రెండూ నిజమే.

మాణిక్యాంబగారు స్కూటర్ వెనక ఒక పక్కకి కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకుంది. "శుక్రవారం ఆ కమిటీ ఎన్నింటికమ్మా?" అని గుసగుసగా అడిగింది.

"పదింటికండి."

"ముందు వరసలో కూచుంటాను. సూదీ దారం అయ్యాక, ఎదురుగా కూచున్నావిడ ఎవరో చెప్పమని వాళ్ళచేత అడిగించు. అప్పటిదాకా మీ ఇంట్లో ఇంత చోటియ్యి."

లోపల్నుంచి ఆయన కేక వినపడింది. "మాణిక్యం! వాళ్ళు వెళ్ళిపోయారు. ఇంక కాఫీ పట్రా!"

అలవాటు కొద్దీ "ఆఁ" అనబోయింది. అనబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో నా భుజం గట్టిగా పట్టుకుంది. లోపల్నుంచి ఆయన ఇంకోసారి పిలిచాడు. నేను స్కూటర్ స్టార్ట్ చేశాను.